నాలుగో ముక్క

మా దుకాణానికి స్పీకరు పట్టుకొచ్చిన ప్రతివాళ్ళతోనూ నాన్న ఒకే మాట చెప్పేవాడు. "ఇది బయటికి పంపించాలండీ, నాలుగు రోజులు పడుతుంది" అని. చెబుతూ చేత్తో వీధి చివరివైపు చూపించేవాడు. అక్కడెక్కడో పెద్ద కార్ఖానా ఉందనీ, అందులో తెల్లకోట్లు వేసుకున్న నిపుణులు కూర్చుని ఉంటారనీ వచ్చినవాళ్ళు అనుకోవాలన్నమాట. వాళ్ళటు వెళ్ళగానే ఆ స్పీకరు తీసుకుని మధ్యగది దాటి, వంటగది దాటి, వెనక వరండాలో కూర్చున్న అమ్మ ముందు పెట్టేవాడు. ముప్పయ్యేళ్ళపాటు మా ఇంట్లో 'బయట' అంటే అమ్మే.

నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఇదే నడుస్తోంది కాబట్టి ఇందులో అన్యాయం ఉందని నాకెప్పుడూ తట్టలేదు. పెద్దదాన్నై, దుకాణంలో గిటార్ ధ్వని మార్చే పెడళ్ళు బాగుచేసే బల్ల నా చేతికొచ్చాక నేనూ అదే చెయ్యి చాపి అదే మాట చెప్పాను. ఇప్పుడు చెప్పబోయే వేసవి గడిచాక ఆ చేతిని చూసుకుంటే నాకే సిగ్గేసింది.

అమ్మ చేసే పని చెప్పాలి. చిరిగిన స్పీకరులోంచి గరాటులాంటి పాత కాగితపు కోను పీకేసి కొత్తది అతికించడం ఆవిడ పని. కోను అడుగున సన్నటి రాగితీగ చుట్టిన కాయిల్ ఉంటుంది. అది అయస్కాంతం సందులో ఏ అంచుకీ తగలకుండా నిలబడాలి. ఆ సందు గోటి మందం కూడా ఉండదు. అందుకని జిగురు ఆరేదాకా కాయిల్ కదలకుండా నాలుగు వైపులా నాలుగు ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కలు దూర్చి ఉంచుతారు. ఆరాక వాటిని లాగేసి, పైన గుండ్రటి టోపీ అతికిస్తే పని అయినట్టు. లాగేటప్పుడు అమ్మ పెదాలు కదిలేవి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు ముక్కలకి లెక్కెందుకమ్మా అని ఒకసారి నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

నాన్నకి పేరుంది. వాల్వుల యాంప్లిఫయర్లు బాగుచేయడంలో ఆయన దిట్టే, కాదనను. కానీ ఆ పేరు వచ్చింది ఒక్క పాట వల్ల. గిటార్ పట్టిన ప్రతివాళ్ళూ ఏదో ఒక రోజు వాయించడానికి ప్రయత్నించే పాట అది. మొదటి ఎనిమిది సెకన్లూ గిటార్ ఒక్కటే ఉంటుంది. గొంతు జీరపోయిన మనిషి కోపంగా అరిచినట్టు ఒక గరగర, దాని వెనకాల గుండెల మీద చెయ్యేసి తోసినంత బరువు. ఆ పాట రికార్డు చేసిన వారంలో ఆ గిటారిస్టు యాంప్, స్పీకర్ల పెట్టెతో సహా, మా దుకాణానికి వచ్చింది. నాన్న అందులో రెండు భాగాలు మార్చి, వాల్వులు తొందరగా పగిలినట్టుండే ధ్వని ఇచ్చేలా చేశాడు. పాట వచ్చాక ఆ గిటారిస్టు నాన్న భుజం మీద చెయ్యేసి ఫోటో దిగాడు. ఆ ఫోటో ఇప్పటికీ మా గోడ మీదుంది. దాని కింద కూర్చుని నాన్న ముప్పయ్యేళ్ళు తన డప్పు తానే వాయించుకున్నాడు. తను చెప్పేది నిజమనే ఆయన నమ్మాడు, ఆ మాటా చెప్పాలి.

అమ్మ మాత్రం ఆ పాట ఎక్కడ వినిపించినా లేచి వెళ్ళిపోయేది. రేడియోలో వస్తే తగ్గించేది. పెద్ద చప్పుళ్ళు ఆవిడకి పడవని మేమే తీర్మానించేసుకున్నాం.

ఎండలు ముదురుతుండగా ఒక పొద్దున ఆ గిటారిస్టే మా గుమ్మంలో దిగాడు. పది వేళ్ళకీ ఎనిమిది ఉంగరాలు. మా ఇంట్లో ఆయన్ని ఉంగరాలాయన అంటాం. వెంట పెడళ్ళ కంపెనీ మేనేజరు, చక్కగా ఇస్త్రీ చేసిన మనిషి, ప్రతి మాటకీ "అద్భుతం" అంటాడు. సంగతేమిటంటే ఆ పాటకి ముప్పయ్యేళ్ళు నిండుతున్నాయి. ఆ ఎనిమిది సెకన్ల టోన్‌ని, అంటే ఆ ధ్వని తీరుని, ఒక పెడల్‌లో పెట్టి అమ్ముతారు. కాలితో నొక్కితే ఎవరి గదిలోనైనా అదే ధ్వని రావాలి. ముందు మేం ఆ టోన్‌ని మళ్ళీ పుట్టించాలి, వాళ్ళు దాన్ని కొలిచి పెడల్‌లోకి ఎక్కిస్తారు. పెడల్ పైన ఇత్తడి ప్లేటు మీద 'ఈ టోన్ రూపకర్త' అని నాన్న పేరు ఉంటుంది. లోపల చిన్న పుస్తకం. అది నన్ను రాయమన్నారు.

నేను రాశాను కూడా. నాన్న చెబుతుంటే రెండు రోజులు కూర్చుని, యాంప్‌లో ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో, ఎంత ముందుచూపుతో మార్చాడో, వయ్యారంగా పన్నెండు పేజీలు. అందులో అమ్మ మాట ఒక్కటీ లేదు. ఉండాలని నాకు తోచనేలేదు.

ఆనాటి యాంప్, పెడల్, నాలుగు స్పీకర్ల పెద్ద పెట్టె ఉంగరాలాయన దింపి వెళ్ళాడు. పెట్టెలో కింద ఎడమ పక్క స్పీకరు చచ్చిపోయి ఉంది. మిగతా మూడూ బాగానే మోగుతున్నాయి. నాన్న దాని బదులు అదే రకం మంచి స్పీకరు ఒకటి బిగించేశాడు.

ఇక ఆరు వారాలు మా ఇల్లు ఇల్లులా లేదు. యాంప్ వాల్యూమ్ చివరిదాకా తిప్పాం. పెడల్‌లో గరుకు తగ్గించి బలం పెంచాం, బలం తగ్గించి గరుకు పెంచాం. పాత వాల్వులు వెతికి తెప్పించాం. గిటార్ తీగలు లావువి వేశాం, సన్నవి వేశాం. మధ్య స్వరాలు ఎత్తాం, పైవి దించాం. నేను ఆ ఎనిమిది సెకన్లూ ఎన్ని వందలసార్లు వాయించానో, పక్కింటివాళ్ళు దారిలో కనిపిస్తే మొహం తిప్పుకునేవాళ్ళు. దగ్గరదగ్గరగా వచ్చేది. బరువు ఉంది, కోపం ఉంది. ఆ గొంతు జీర మాత్రం లేదు.

ప్రతిసారీ వెనక వరండాలోంచి అమ్మ గొంతు వినబడేది. "అది కాదు."

మొదట్లో నాన్న పట్టించుకోలేదు. అయిదో వారంలో లేచి వంటగది దాకా వెళ్ళి, నీకేం తెలుసని ప్రతిదానికీ నోరు పెడతావ్, నీ జిగురు నువ్వు చూసుకో అని అరిచి వచ్చాడు. అమ్మ మళ్ళీ మాట్లాడలేదు. నేను తల వంచుకుని సాల్డరింగ్ చేసుకున్నాను. నాన్నని ఒక్క మాట అనలేదు.

ఉంగరాలాయన వారానికోసారి వచ్చి కుర్చీలో కూర్చుని పాత కబుర్లు చెప్పేవాడు. ఒకసారి మాటల్లో నవ్వుతూ ఓ సంగతి చెప్పాడు. ఆ రోజు స్టూడియోలో మైకు స్టాండు విరిగి పైకి లేవలేదట. ఇంకో స్టాండు వెతికే ఓపిక లేక, ఎంత ఎత్తు లేస్తే అంతే అని కింద ఎడమ స్పీకరు ముందే మైకు పెట్టేశారట. అంటే పాటలో వినిపించేదంతా ఆ ఒక్క స్పీకరే.

నేను చేతిలో పని వదిలేశాను. చచ్చిన స్పీకరు బల్ల కింద పడుంది. ఆయన వెళ్ళాక దాన్ని తీసి, టోపీ చుట్టూ బ్లేడుతో కోసి ఎత్తాను. లోపల కాయిల్ మాడి నల్లబడి ఉంది. దాని పక్కన, సందులో నిలువుగా, చిన్న ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క ఇరుక్కుని ఉంది. కాయిల్ కదిలిన ప్రతిసారీ దాన్ని రాసుకుంటూ ఒక అంచంతా గీతలు పడిపోయింది. కిటికీకి పట్టుకుని చూస్తే అందులో ఎవరిదో వేలి ఎముక.

తీసుకెళ్ళి అమ్మకి చూపించాను. అమ్మ దాన్ని ముట్టుకోలేదు. లేచి గూట్లో వెనకెక్కడో ఉన్న రేకు డబ్బా తెచ్చి మూత తీసింది. అందులో మూడు ముక్కలున్నాయి. నా చేతిలోది అందుకుని నాలుగూ పక్కపక్కన పేర్చింది. చూపుడువేలు మొత్తం వచ్చింది, మధ్య కణుపు దగ్గర కాస్త వంకరగా. అమ్మ కుడి చూపుడువేలు ఇప్పటికీ అక్కడే వంకర. పెళ్ళైన కొత్తలో తలుపు సందులో పడి విరిగిందట. ఆ ఎక్స్‌రేనే కోసి పనికి వాడుకుంది.

"నాలుగు పెట్టాను. మూడే తీశాను," అంది అమ్మ.

పాట రికార్డు చేసే రోజు, ఆ స్పీకరు కోసం బయట స్టూడియో వ్యాను నిలబడి ఉందట. నాన్న నెత్తి మీద నిలబడి అయిందా అయిందా అంటున్నాడట. మూడు లాగేసరికి, పాకే వయసులో ఉన్న నేను వెళ్ళి జిగురు డబ్బాలో చెయ్యి పెట్టాను. నా చెయ్యి కడిగి, ఏడుపు మాన్పి, పరిగెత్తుకుంటూ వచ్చి టోపీ అతికించేసింది. వ్యాను వెళ్ళాక బల్ల మీద చూసుకుంటే మూడే ఉన్నాయి.

"పాట రేడియోలో విన్నప్పుడే తెలిసిపోయింది. ఆ గరగర నా ముక్కదే. ఎవరో పట్టుకుంటారు, మీ నాన్న పరువు పోతుందని భయమేసింది. అప్పట్నుంచీ లెక్కపెడుతున్నాను."

ఒక తప్పు చేశానని ఆవిడ ముప్పయ్యేళ్ళు నోరు కుట్టేసుకుని, ఆ పాట వినబడితే దొంగలా లేచి వెళ్ళిపోయింది. ఆ తప్పునే లోకం పూలదండలేసి ఊరేగిస్తుంటే, నాన్న ముందు గదిలో గోడకి ఫోటో తగిలించుకుని కింద కూర్చున్నాడు. నాకు నాన్న మీద ఒళ్ళు మండింది, ఉంగరాలాయన మీద మండింది, ఆ పన్నెండు పేజీలు రాసిన నా మీద అంతకంటే ఎక్కువ మండింది.

సాయంత్రం నాన్నకి చెప్పాను. ముక్క చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ అనకుండా అన్నం తిని పడుకున్నాడు. పాపం, దెబ్బ తగిలింది, తేరుకోనీ అనుకున్నాను. నా అంత వెర్రిమొహం ఇంకెక్కడా ఉండదు.

మర్నాడు మేనేజరూ ఉంగరాలాయనా వచ్చారు. వానలు మొదలయ్యేలోపు పని తేలిపోవాలి, గాలిలో తడి చేరితే కాగితపు కోను ధ్వని మారిపోతుంది, అందుకని మేనేజరుకి తొందర. నాన్న వాళ్ళని కూర్చోబెట్టి, ఎక్స్‌రే ముక్కని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు సార్. ఇదీ రహస్యం. నేనే కావాలని పెట్టించాను."

మేనేజరు అద్భుతం అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పయ్యేళ్ళు ఆవిడ పనిని బయటి పని అన్నాడు, సరే. ఇప్పుడు ఆవిడ తప్పుని కూడా తన ఖాతాలో వేసేసుకున్నాడు. తప్పు కూడా మిగల్చలేదు ఆవిడకి. నేను నోరు తెరవబోయేంతలో మధ్యగది గుమ్మంలోంచి అమ్మ మాట వినబడింది. చేతులు పమిటకి తుడుచుకుంటూ నిలబడి ఉంది. పరాయివాళ్ళు ఉండగా ఆవిడ ఆ గుమ్మం దాకా రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏ వైపు పెట్టారండీ?"

నాన్న నీళ్ళు నమిలాడు. ఏ వైపైతే ఏముంది, పెట్టి చూపిస్తానన్నాడు. తను బిగించిన కొత్త స్పీకరు టోపీ కోసి ముక్క దూర్చాడు. నాకు తెలిసి ఆయన చేత్తో కోను ముట్టుకోవడం అదే మొదటిసారి. ఉంగరాలాయన గిటార్ మీటితే రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడొచ్చింది. ముక్క తిప్పి పెట్టాడు, పక్కకి జరిపాడు. ఇంకా అధ్వాన్నం.

అమ్మ ముందుకొచ్చింది. జరగండి అని కూడా అనలేదు, నాన్నే జరిగాడు. స్పీకరుని తీగలు తనవైపు ఉండేలా తిప్పుకుంది. నాన్న చేతుల్లో నలిగిన ముక్క మూల కత్తెరతో గుండ్రంగా తీసి, వంకర వేలితో అలా తడిమి, ఎడమ పక్క సందులో దించింది. మొదట తీగల వైపుది, తర్వాత ఎదురుది, తర్వాత కుడిది తీస్తాను, ఎడమది ఆఖరు, అందుకే ఆ రోజు మిగిలింది ఎడమదే అని నాతో అంది, వాళ్ళతో కాదు. టోపీ అతికించి అరగంట ఎండలో పెట్టింది. ఆ అరగంటా ఉంగరాలాయన ఉంగరాలు తిప్పుకుంటూ కూర్చున్నాడు.

స్పీకరు బిగించాం. మైకు దాని ముందు పెట్టాం. ఉంగరాలాయన వాయించాడు.

ఎనిమిది సెకన్లు. అదే. గొంతు జీరతో సహా అదే. వాయించినవాడి చేతులే ఆగిపోయాయి. మళ్ళీ వాయించబోయి, కళ్ళు తుడుచుకుని, "వదినమ్మా, ఇది నువ్వా?" అన్నాడు. అమ్మ అవునంది. ఆ మాట అనడానికి ఆవిడకి ముప్పయ్యేళ్ళు పట్టింది.

నేను మేనేజరు వైపు తిరిగి, అయితే ప్లేటు మీద ఆవిడ పేరు రావాలి, పుస్తకం మళ్ళీ రాస్తాను అన్నాను. ఆయన చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. ప్లేట్లు అచ్చయిపోయాయట. జనానికి మాస్టారి ఫోటో తెలుసట. పైగా,

"మాస్టారు చేశారంటే అది పద్ధతి అవుతుందమ్మా. తెలియక జరిగిపోయిందంటే పొరపాటే కదా. పొరపాటుకి పేరు వెయ్యలేం."

ఉంగరాలాయన ఏమైనా అంటాడని చూశాను. కళ్ళు తుడుచుకున్న ఆ మనిషే గిటార్ తీగలు సరిచేసుకుంటూ కూర్చున్నాడు. నాన్న వైపు చూశాను. నాన్న గోడ మీద ఫోటోని చూస్తున్నాడు. ఒక్క మాట చాలు, ఆవిడే చేసిందండీ అంటే చాలు. బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాడు. మేనేజరు లేచి, రేపు కొలిచే యంత్రాలు తెస్తాను, దీన్ని ఎవరూ కదపకండి అన్నాడు.

అమ్మ పెట్టె దగ్గరికి వెళ్ళింది. స్క్రూలు విప్పి స్పీకరు బయటికి తీసింది. బ్లేడు అందుకుని టోపీ కోసింది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు నాన్న.

"బాగు చేస్తున్నాను."

ముక్క పట్టుకుని లాగింది. "నాలుగు" అంది, అందరికీ వినపడేలా. దాన్ని రేకు డబ్బాలో మిగతా మూడింటి పక్కన పెట్టి, మూత వేసి, లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత నాన్న బతిమాలాడు, అరిచాడు, రెండు రోజులు అలిగి అన్నం మానేశాడు. అమ్మ కంచం పెట్టేది, తినకపోతే తీసేసేది. మేనేజరు ఫోన్ చేస్తే నేనే ఎత్తి, ఆ స్పీకరు బాగుపడిపోయిందండీ అని చెప్పి పెట్టేశాను. వాళ్ళేం ఆగలేదు. మా ఆరు వారాల పనిలో దగ్గరదగ్గరగా వచ్చినదేదో దాన్నే ఎక్కించుకుని పెడల్ తెచ్చేశారు. ఉంగరాలాయన ప్రకటనలో దాన్ని తొక్కి, ఇదే ఆ టోన్, వెంట్రుకవాసి తేడా లేదు అన్నాడు. కొన్నవాళ్ళంతా అచ్చం అదే అన్నారు. నా పన్నెండు పేజీలు అక్షరం పొల్లుపోకుండా అచ్చేశారు.

మాకూ ఒకటి పంపారు. నాన్న ప్లేటు మీద తన పేరు చూసుకుని, నా చేత వాయింపించాడు. అమ్మ వెనక నుంచి విని, "బాగుంది. అది మాత్రం కాదు" అంది. ఈసారి నాన్న అరవలేదు. ఆయన చెవులు మంచివే, ఆ సంగతి నాకు తెలుసు. పెడల్‌ని పై అరలో పెట్టేశాడు, మళ్ళీ దించలేదు.

మొదటి వాన పడ్డ పొద్దున అమ్మ వరండాలోని తన బల్లని ఈడ్చుకుంటూ వంటగదిలోకి తెచ్చింది. నేను రెండో కొస పట్టుకున్నాను. మధ్యగది దాటి దుకాణంలోకి వచ్చి, వీధి కనిపించేచోట దించాం. ఫోటో కింద కుర్చీలోంచి నాన్న అడిగాడు, వరండాలో జల్లు కొడుతోందా అని.

"లేదు," అంది అమ్మ, జిగురు డబ్బా సర్దుకుంటూ.

ఆ వారంలోనే కచేరీల్లో గిటార్ వాయించే ఒకావిడ చిరిగిన స్పీకరుతో వచ్చింది. ఆ పెడల్ కొన్నాననీ, అయినా పాటలో ఉన్న జీర రావడం లేదనీ, మీరే చెయ్యగలరని విన్నాననీ నాన్నతో చెప్పింది. బయటికి పంపిస్తారా, ఎన్ని రోజులు పడుతుంది అని అడిగింది. నాన్న చెయ్యి అలవాటుగా వీధివైపు లేచింది. సగంలో ఆగి, కిందికి దిగింది.

"స్పీకర్లు నేను చెయ్యనండీ," అన్నాడు. "ఆవిడ చేస్తుంది."

మర్నాడు ఆ గిటార్ ఆవిడ వచ్చేసరికి కొత్త కోను ఆరి ఉంది. స్పీకరు వెనక, మా దుకాణం ముద్ర కొట్టే చోట, అమ్మ తన పేరు గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టింది. వచ్చినావిడ చూస్తుండగా ఫిల్మ్ ముక్కలు లాగడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, వీధిలోకి వినపడేంత పైకి. అక్కడ చెయ్యి ఆపి, తలెత్తి అడిగింది.

"నాలుగోది తియ్యమంటారా, ఉంచమంటారా?"